అడగండి చెప్పుకుందాం: ఎంబీఏ కబుర్లు, ప్యాకేజీలు, ఫ్లెక్సీలు

ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు చూస్తే బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి వచ్చినవన్నీ దాదాపు ఒకటే టాపిక్, ఎంబీఏ. ఒకరింట్లో ప్లేస్‌మెంట్, ఒకరింట్లో పీహెచ్‌డీ, ఒకరిది పాతికేళ్ళ బ్యాచ్ కలయిక, ఒకావిడకైతే స్టూడెంట్లు ఇంటికే వచ్చి వ్యాపారం లెక్కలు అడిగారంట. అందుకని మోకాళ్ళ నొప్పులూ కరెంటు బిల్లులూ వచ్చే నెలకి నెట్టేసి ఈ నెల కాలమ్ మొత్తం వీటికే ఇచ్చేశాం. పేర్లు వేయొద్దని కొందరు అడిగారు, గొడవ లేకుండా అందరివీ తీసేశాం.

ప్రశ్న: మా పాప ఎంబీఏ ఫైనలియర్. కాలేజీ వాళ్ళు మెయిన్ రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టారు, "హయ్యెస్ట్ ప్యాకేజీ 24 లక్షలు, యావరేజ్ 6 లక్షలు, 100 శాతం ప్లేస్‌మెంట్" అని. మా పాపకి కూడా 6 లక్షల ఆఫర్ వచ్చింది. నెలకి యాభై వేలు కదా అని నేను ఇంటి లోన్ గురించి బ్యాంకులో మాట్లాడేశాను. పాపేమో "నాన్నా అంత చేతికి రాదు" అంటోంది. ఎవరిది కరెక్టు? (ఒక తండ్రి, పర్లాకిమిడి)

పాపదే కరెక్టు అండి, ముందు ఆ బ్యాంకు మేనేజర్ కి ఫోన్ చేసి ఒక నెల ఆగమనండి.

6 లక్షలు అన్నది సీటీసీ, అంటే కంపెనీకి మీ పాప మీద ఏడాదికి అయ్యే మొత్తం ఖర్చు. అందులో మీ పాప చేతికి ఎప్పుడూ రానివి, ఎప్పుడో వచ్చేవి కూడా కలిపేస్తారు. ఒక లెక్క వేసి చూపిస్తాను, మీ ఆఫర్ లెటర్ లో అంకెలు వేరుగా ఉండొచ్చు కానీ పద్ధతి ఇదే. 6 లక్షల్లో 60 వేలు వేరియబుల్ అనుకోండి, అది పని బాగుంటే, కంపెనీ బాగుంటే, ఏడాది చివర్లో వచ్చేది, నెల జీతంలో రాదు. నెలకి బేసిక్ 20 వేలు అనుకుంటే కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, అంటే ఏడాదికి 28,800. గ్రాట్యుటీ కింద బేసిక్ లో 4.81 శాతం, అది 11,544. ఈ గ్రాట్యుటీ మామూలుగా పర్మనెంటు ఉద్యోగికి ఐదేళ్ళు అక్కడే చేస్తేనే వచ్చేది, మన పిల్లలు రెండేళ్ళకే కంపెనీ మారిపోతారు కాబట్టి అది కాగితం మీద డబ్బే. ఇంకో 6 వేలు హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 4,93,656, నెలకి 41 వేల చిల్లర. అందులోంచి మళ్ళీ పాప వాటా పీఎఫ్ 2,400, ప్రొఫెషనల్ ట్యాక్స్ ఒక 200 పోతే చేతిలో పడేది 38,500 దగ్గర. బెంగుళూరో పూణేనో అయితే అక్కడ హాస్టలూ తిండీ కూడా తీసి చూడండి, అప్పుడు ఈఎంఐకి ఏం మిగులుతుందో మీకే తెలుస్తుంది. ఉద్యోగంలో చేరకముందే పిల్ల జీతం మీద ఇల్లు కట్టడం ఏంటండీ అసలు, అది మీ ఇంటి సంగతి అనుకోండి, నోరూరుకోక అన్నాను.

ఇక ఫ్లెక్సీ. యావరేజ్ అబద్ధం కాకపోవచ్చు, కానీ అది చెప్పేది తక్కువ. పదిమంది పిల్లలున్నారు, తొమ్మిది మందికి 4 లక్షలు, ఒక్కడికి 24 లక్షలు వచ్చాయనుకోండి, మొత్తం 60 లక్షలు, పదితో భాగిస్తే యావరేజ్ 6 లక్షలు. ఆ క్లాసులో 6 లక్షలు వచ్చినవాడు ఒక్కడూ లేడు! అందుకే మీడియన్ అడగాలి, అంటే జీతాలన్నీ చిన్న దగ్గర్నుంచి పెద్దదాకా వరసగా పెడితే సరిగ్గా మధ్యలో ఉన్నది. ఈ క్లాసులో మీడియన్ 4 లక్షలు, అది నిజానికి దగ్గర. అలాగే 100 శాతం అన్నప్పుడు ఎంతమందిలో అని అడగండి, క్లాసులో ఉన్న అందరిలోనా, ప్లేస్‌మెంట్ కి పేరిచ్చి, మార్కుల కటాఫ్ దాటి, బ్యాక్‌లాగ్ లేనివాళ్ళలోనా? చాలా చోట్ల రెండోదే లెక్క. ఒకే అబ్బాయికి మూడు ఆఫర్లొస్తే మూడు ప్లేస్‌మెంట్లు అని రాసేవాళ్ళు కూడా ఉన్నారు.

ఈ అసలు లెక్క ఎక్కడ దొరుకుతుందంటే, ఆ కాలేజీ కేంద్రం ఇచ్చే నిర్ఫ్ ర్యాంకింగ్ కి అప్లై చేసి ఉంటే కేంద్రానికి ఇచ్చిన డేటా తన వెబ్‌సైట్ లో పెట్టాలి. అందులో ఎంతమంది చేరారు, ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం, మీడియన్ జీతం ఎంత, అన్నీ వరసగా ఉంటాయి. ఫ్లెక్సీ పక్కన ఆ కాగితం పెట్టి చదవండి, కాలక్షేపం కూడా అవుతుంది.

ప్రశ్న: నిర్ఫ్, నాక్, ఎన్‌బీఏ, ఏఐసీటీఈ... మా తమ్ముడి కాలేజీ గేటు మీద ఇన్ని ఉన్నాయి. దేనికి సంబరపడాలి? (రాయగడ అక్క)

ఏఐసీటీఈ అనేది కోర్సు నడపడానికి కేంద్ర సంస్థ ఇచ్చే పర్మిషన్ అమ్మా, దానికి సంబరమేముంది, బయట కాలేజీకి అది లేకపోతే భయపడాలి అంతే. యూనివర్సిటీ సొంత డిపార్ట్‌మెంట్ అయితే ఏఐసీటీఈ ముందస్తు పర్మిషన్ అక్కర్లేదని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది, కాబట్టి అక్కడ ఆ బోర్డు లేకపోయినా కంగారు పడొద్దు. నాక్ అనేది మొత్తం కాలేజీకో యూనివర్సిటీకో ఇచ్చే గ్రేడు, ఎంబీఏ ఒక్కదానికి కాదు, ఏ ఏడాది ఇచ్చారో చూడు, కొన్ని గేట్ల మీద గడువు అయిపోయిన గ్రేడు ఇంకా మెరుస్తూనే ఉంటుంది. ఎన్‌బీఏ అయితే కోర్సుకి విడిగా ఇస్తారు, ఎంబీఏకి ఎన్‌బీఏ వచ్చిందంటే అది నిజంగా చెప్పుకోవాల్సిన వార్తే. నిర్ఫ్ 2016 నుంచి ర్యాంకులు ఇస్తోంది, మేనేజ్‌మెంట్ కి వేరే లిస్టు ఉంది, "పార్టిసిపేటెడ్ ఇన్ నిర్ఫ్" అని రాస్తే మాత్రం పరీక్ష రాశాడు అని అర్థం, పాసయ్యాడని కాదు.

ప్రశ్న: మా బావకీ నాకూ పందెం. మన వైపు ఎంబీఏ చదువు మొదట మొదలుపెట్టింది భువనేశ్వర్ జేవియర్ వాళ్ళని బావ, కాదు ఆంధ్రా యూనివర్సిటీ అని నేను. ఓడినవాళ్ళు రసగుల్లాల కుండ కొనాలి. (బరంపురం, బడా బజార్)

మీ బావగారిని కుండకి డబ్బులు తీయమనండి. భువనేశ్వర్ జేవియర్ ఇన్‌స్టిట్యూట్ 1987లో వచ్చింది. వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీ ఎంబీఏ 1957లోనే మొదలైంది, అంటే కలకత్తా, అహ్మదాబాద్ ఐఐఎంల కంటే నాలుగేళ్ళు ముందు, అవి రెండూ 1961వి. బావ ఒప్పుకోకుండా "మన వైపు" అంటే జంషెడ్‌పూర్ దాకా అని సాగదీస్తే మాత్రం కష్టం, అక్కడ ఎక్స్ఎల్ఆర్ఐ అనే మేనేజ్‌మెంట్ సంస్థ 1949లోనే ఉంది. మన బరంపురం యూనివర్సిటీ 1967 జనవరి 2న పుట్టింది. సంబల్‌పూర్ ఐఐఎం, వైజాగ్ ఐఐఎం రెండూ 2015లో వచ్చినవే, మొన్ననే పదేళ్ళు నిండాయి.

పందెం సంగతి అటుంచితే ఒక విషయం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రం అయ్యేదాకా గంజాం అంతా మద్రాసు ప్రెసిడెన్సీయే, అందుకే పాత కుటుంబాల్లో పై చదువంటే చూపు వాల్తేరు, మద్రాసు వైపే ఉండేది. ఇప్పటికీ మన ఇళ్ళల్లో ఆ అలవాటు పోలేదు, కింద అడిగిన అమ్మాయి ప్రశ్న చూడండి మీకే తెలుస్తుంది.

ప్రశ్న: నేను బరంపురంలోనే పుట్టి పెరిగాను, బీకాం ఫైనలియర్. నాన్న వైజాగ్ లో ఎంబీఏ చెయ్యమంటారు, మా అమ్మ పుట్టిల్లు ఇచ్చాపురం, ఆంధ్రా ఎంబీఏ ఎంట్రెన్స్ ఐసెట్ రాస్తే నాకు సీటొస్తుందా? లేక ఇక్కడే ఒడిశా ఎంట్రెన్స్ ఓజేఈఈ రాయాలా?

రెండూ రాయి తల్లీ, అప్లికేషన్ ఫీజులు తప్ప పోయేదేం లేదు. కానీ లెక్క తెలుసుకొని రాయి.

ఆంధ్రాలో కౌన్సెలింగ్ లో ఇచ్చే కన్వీనర్ సీట్లలో 85 శాతం లోకల్ వాళ్ళవి. నువ్వు ఒడిశాలో చదివావు కాబట్టి అందులో నీకు చోటు లేదు. మిగతా 15 శాతం అందరిదీ అనుకుంటారు మనవాళ్ళు, అది కూడా పూర్తిగా ఓపెన్ కాదు, ఆ రాష్ట్రంలో పదేళ్ళు ఉన్నవాళ్ళు, లేదా తల్లిదండ్రుల్లో ఒకరు పదేళ్ళు ఉన్నవాళ్ళు, ఇలా షరతులున్నాయి. ఇక్కడే మీ అమ్మగారు పనికొస్తారు! ఇచ్చాపురంలో పుట్టి పెళ్ళయ్యేదాకా అక్కడే ఉన్నారంటే పదేళ్ళ కంటే ఎక్కువే కదా, ఆవిడ స్కూలు సర్టిఫికెట్లు వెతికించి అక్కడి తహసీల్దారు ఆఫీసులో నివాస ధృవీకరణ అడగండి, కౌన్సెలింగ్ మొదలయ్యాక కాదు, ఇప్పుడే. అది తెచ్చుకోవడంలోనే నీరసం వచ్చేస్తుంది, ఆఫీసు ఆఫీసుకీ తిరగాలి, పెళ్ళికి ముందు ఇంటిపేరు ఒకటి, ఇప్పటిది ఒకటి ఉంటుంది, రెండూ ఒకరే అని ఇంకో కాగితం. ఈ ఏడాది నోటిఫికేషన్ లో రూలు ఎలా రాశారో అక్షరం అక్షరం చదివి అప్పుడు బయల్దేరండి. సీటు వచ్చినా ఆంధ్రా ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆశ పెట్టుకోకు, అప్పుడు ఫీజు మొత్తం జేబులోంచే అని నాన్నకి ముందే చెప్పు.

ఇక్కడ ఓజేఈఈలో నువ్వు సొంత రాష్ట్రం పిల్లవి, స్కాలర్‌షిప్పులకీ ఇక్కడి లెక్కే. బీపీయూటీ (బిజూ పట్నాయక్ టెక్నాలజీ యూనివర్సిటీ) కింద ఉన్న కాలేజీలు ఆ కౌన్సెలింగ్ లో వస్తాయి, యూనివర్సిటీలు విడిగా ఇచ్చే నోటిఫికేషన్లు కూడా చూసుకో. ఇవన్నీ కాకుండా ఐఐఎంల ఎంట్రెన్స్ క్యాట్ రాస్తే వైజాగ్ ఐఐఎం అయినా సంబల్‌పూర్ ఐఐఎం అయినా లోకల్ నాన్ లోకల్ గొడవే ఉండదు, నవంబర్ లో పరీక్ష, ఇప్పట్నుంచి కూర్చుంటే కుదురుతుంది. నాన్నగారికి వైజాగే కావాలంటే అసలైన దారి అది.

ప్రశ్న: ఎంబీఏ గొప్పా పీజీడీఎం గొప్పా? పెళ్ళిచూపుల్లో అబ్బాయి పీజీడీఎం అన్నాడు, మా మావయ్య "డిప్లొమానా" అని మొహం అదోలా పెట్టారు. (గుణుపురం)

మావయ్యగారికి చెప్పండి, ఐఐఎంలు కూడా మొన్నమొన్నటిదాకా ఇచ్చింది డిప్లొమాయే. 2017 ఐఐఎం చట్టం 2018 జనవరి 31 నుంచి అమల్లోకి వచ్చాకే వాళ్ళకి డిగ్రీ ఇచ్చే అధికారం వచ్చింది, అంతకుముందు అక్కడ చదివి కంపెనీలకి సీఈఓలైన వాళ్ళందరూ డిప్లొమావాళ్ళే. యూనివర్సిటీ ఇస్తే ఎంబీఏ, యూనివర్సిటీ కిందకి రాని సంస్థ ఇస్తే పీజీడీఎం, దానికి ఏఐసీటీఈ అప్రూవల్ ఉందా లేదా చూడండి, గవర్నమెంటు ఉద్యోగానికో పీహెచ్‌డీకో వెళ్ళాలంటే ఎంబీఏతో సమానమని ఏఐయూ (యూనివర్సిటీల సంఘం) గుర్తింపు ఉందా చూడండి. పెళ్ళికి అయితే అబ్బాయిని చూడండి.

ప్రశ్న: మా ఎంబీఏ బ్యాచ్ కి పాతికేళ్ళు నిండుతున్నాయి. వాట్సాప్ గ్రూపులో రోజూ యుద్ధం. సగం మంది గోపాల్‌పూర్ బీచ్ లో హోటల్ అంటారు, సగం మంది డిపార్ట్‌మెంట్ కి ప్రొజెక్టర్ కొనిద్దాం అంటారు. సావనీర్ ఇంగ్లీషులోనా, ఒడియాలోనా, మన తెలుగు వాళ్ళం పన్నెండు మందిమి ఉన్నాం మాకూ పేజీ కావాలా అని ఇంకో గొడవ. డబ్బులు ఒకడి ఫోన్‌పే కి పోతున్నాయి. సలహా చెప్పండి. (ఛత్రపురం)

ఆఖరి వాక్యం ముందు చూద్దాం, ఎందుకంటే స్నేహాలు పోయేది అక్కడే. ఎంత మంచివాడైనా ఒకరి సొంత ఫోన్‌పే కి డబ్బు వద్దు. ఇప్పటికే అలమ్నై అసోసియేషన్ రిజిస్టర్ అయ్యి ఉంటే దాని ఖాతాలో వేయండి, లేకపోతే ఇద్దరు ముగ్గురు పేరు మీద జాయింట్ ఖాతా తెరిచి, ఎవరెంత ఇచ్చారో, దేనికి ఎంత అయ్యిందో ప్రతి వారం గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టండి. ఇన్‌కం ట్యాక్స్ లో 80జీ మినహాయింపు వస్తుందని ఎవరైనా ఊరించి ఉంటే, అసోసియేషన్ కి ఆ రిజిస్ట్రేషన్ ఉంటేనే వస్తుంది, అది ఉన్నా 2 వేలు దాటి క్యాష్ ఇస్తే రాదు. ఇంకోటి, మీ బ్యాచ్ లో అమెరికాలో ఉన్నవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళల్లో ఇంకా ఇండియా పాస్‌పోర్టే ఉన్నవాళ్ళు తమ సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు, అక్కడి సిటిజన్ అయిపోయినవాళ్ళు పంపితే అది విదేశీ విరాళం కిందకి వస్తుంది, అసోసియేషన్ కి ఎఫ్‌సీఆర్ఏ పర్మిషన్ లేకుండా రూపాయి కూడా తీసుకోకూడదు. అమెరికా ఫ్రెండు పెద్ద చెక్కు ఇస్తానన్నాడని మురిసిపోయి తర్వాత నోటీసు తెచ్చుకోకండి, వాణ్ణి టికెట్టు కొనుక్కొని రమ్మనండి చాలు.

హోటలా ప్రొజెక్టరా అంటే, ఆశ్చర్యపోకండి, నేను హోటల్ వైపే. పాతికేళ్ళ తర్వాత కలుస్తున్నారు, ఒక పూట సముద్రం పక్కన కూర్చొని తినండి, అందులో తప్పేముంది, ఎవరి ఖర్చు వాళ్ళు పెట్టుకోండి. ప్రొజెక్టర్లు డిపార్ట్‌మెంట్లలో ఇప్పటికే ఉంటాయి, మూడు పాడయ్యి బీరువా మీద కూర్చొని ఉంటాయి, మీది నాలుగోది అవుతుంది, మీ బ్యాచ్ పేరు స్టిక్కర్ తో సహా. డిపార్ట్‌మెంట్ కి నిజంగా కావాల్సింది డబ్బు పెట్టి కొనలేనిది. ఫస్టియర్ అయిపోయాక పిల్లలకి ఆరు నుంచి ఎనిమిది వారాల సమ్మర్ ఇంటర్న్‌షిప్ ఉంటుంది, బరంపురంలో చదివే పిల్లకి అది దొరకడమే గగనం, చివరికి తెలిసిన షోరూంలో సర్టిఫికెట్ రాయించుకొని ఇంట్లో కూర్చుంటారు. మీ బ్యాచ్ లో బ్యాంకుల్లో, ఇన్సూరెన్సుల్లో, ఫార్మాలో, పోర్టుల్లో కుదురుకున్న వాళ్ళుంటారు, మనిషికి ఒక్క ఇంటర్న్‌షిప్ సీటు ఇప్పించండి. శనివారం సాయంత్రాలు ఫోన్లోనే మాక్ ఇంటర్వ్యూలు చెయ్యండి, మన పిల్లలకి సబ్జెక్టు వస్తుంది, "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అనగానే ఊరి పేరు దగ్గర ఆగిపోతారు. నాక్ వాళ్ళు వచ్చినప్పుడు అలమ్నై ఏం చేస్తున్నారని కూడా చూస్తారు, అప్పుడు డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఇవి చూపించుకోవచ్చు, హెడ్ గారు మీకు రెండోసారి కూడా టీ ఇస్తారు.

సావనీర్ మూడు భాషల్లోనూ వేసుకోండి, ఎవరు ఏ భాషలో రాయగలిగితే ఆ భాషలో. బరంపురం యూనివర్సిటీ వాళ్ళైతే మీ క్యాంపస్ పేరే భంజ విహార్, ఉపేంద్ర భంజ కవి పేరు మీద పెట్టింది, కవి పేరున్న చోట చదువుకొని భాషల కోసం కొట్టుకుంటే ఏం బాగుంటుంది. పన్నెండు మందికి రెండు పేజీల తెలుగు ఎక్కువేం కాదు, ఫాంట్ సమస్యలొస్తాయి కాబట్టి ప్రెస్ వాడికి ముందే పీడీఎఫ్ చేసి ఇవ్వండి, లేకపోతే ఒత్తులన్నీ ఊడిపోయి అచ్చవుతుంది.

ఒకటే కోరిక. ఫోటోల పేజీలో వీసీలూ చీఫ్ గెస్టులూ ఎలాగూ ఉంటారు. మీ రోజుల్లో ప్రాజెక్టు రిపోర్టులు రాత్రంతా టైపు చేసి తెల్లారేసరికి స్పైరల్ బైండింగ్ చేసి ఇచ్చినాయన, లైబ్రరీలో ఫైన్ లేకుండా పుస్తకం రాసేసుకున్న అటెండరు, హాస్టల్ మెస్ లో మన వాళ్ళ కోసం విడిగా పచ్చడి తీసి ఉంచిన వంటామె, వీళ్ళల్లో ఉన్నవాళ్ళని వెతికి పిలవండి, స్టేజీ మీద శాలువా మొదట వాళ్ళకే కప్పండి.

ప్రశ్న: మా మరిదికి పీహెచ్‌డీ వైవా అయిపోయింది, మేనేజ్‌మెంట్ లో. పెళ్ళి కార్డులు ఎల్లుండి ప్రింటుకి వెళ్తున్నాయి. పేరు ముందు "డా." వేయించొచ్చా? (జయపురం వదిన)

వైవా అయ్యి, డిగ్రీ ఇచ్చినట్టు యూనివర్సిటీ నోటిఫికేషన్ కూడా వచ్చేసి ఉంటే హాయిగా వేయించండి. వైవా అయ్యింది కానీ నోటిఫికేషన్ ఇంకా రాలేదంటే రెండు రోజులు ప్రెస్ ఆపండి, లేదా చుక్కా డా లేకుండా వేయించి పెళ్ళిలో మైకులో చెప్పించండి. యూజీసీ 2022 రూల్స్ ప్రకారం పీహెచ్‌డీకి తక్కువలో తక్కువ మూడేళ్ళు, ఎక్కువలో ఎక్కువ ఆరేళ్ళు, ఆ పైన పొడిగింపులు. అన్నేళ్ళు ఆగినవాడు రెండు రోజులు ఆగలేడా వదినగారూ! మరిదిగారికి మా తరఫున కంగ్రాట్స్.

ప్రశ్న: మేము ఇంట్లో మినప అప్పడాలు చేసి షాపులకి వేస్తాం, నలుగురు ఆడవాళ్ళు పనిచేస్తారు. ఎంబీఏ పిల్లలు నలుగురు వచ్చి "లైవ్ ప్రాజెక్ట్ ఆంటీ" అని లెక్కలు, షాపుల లిస్టు, లాభం అన్నీ అడిగారు. మా ఆయన ఇవ్వొద్దంటున్నారు. పిల్లలు ముచ్చటగా ఉన్నారు. ఏం చెయ్యను? (బరంపురం)

ఇవ్వండమ్మా, కానీ ఊరికే ఇవ్వకండి.

ముందు డిపార్ట్‌మెంట్ లెటర్ హెడ్ మీద ఉత్తరం తెమ్మనండి, గైడ్ పేరు, పిల్లల పేర్లు ఉండాలి. రిపోర్టులో మీ పేరూ బ్రాండు పేరూ మార్చి రాయాలి, పప్పు ఎవరి దగ్గర కొంటారో, పిండిలో ఏది ఎంత వేస్తారో ఆ రెండూ చెప్పక్కర్లేదు, ఏ ప్రొఫెసరూ వాటికి మార్కులివ్వడు. ఆఖరి రిపోర్టు కాపీ ఒకటి మీకివ్వాలని ముందే అనండి.

తర్వాత వాళ్ళ చేత మీ పని చేయించుకోండి. రెండు లెక్కలు అడగండి. ఒకటి, ఒక ప్యాకెట్టుకి నిజంగా ఎంత పడుతోంది. పప్పు, ఇంగువ, సోడా, నూనె, కవరు, ఆ నలుగురి కూలీ రాస్తారు మీరు, మీ కూలీ రాస్తారా? పొద్దున్న నాలుగింటికి లేచి పిండి దంపించే దగ్గర్నుంచి సాయంత్రం ప్యాకింగ్ దాకా మీరు చేసేది ఖర్చులో లేకపోతే ఆ లాభం అంతా మీ జీతమే, లాభం కాదు. వానాకాలం ఎండక పాడైన అప్పడాలు కూడా లెక్కలోకి రావాలి.

రెండోది షాపుల అరువు. ఒక షాపు వారానికి 5 వేల సరుకు తీసుకొని నాలుగు వారాలకి డబ్బిస్తాడనుకోండి, ఎప్పుడు చూసినా అతని దగ్గర మీవి 20 వేలు ఆగి ఉంటాయి. అలాంటి షాపులు పది ఉంటే 2 లక్షలు ఊళ్ళో తిరుగుతున్నాయి, మీరేమో పప్పు కొనడానికి బంగారం తాకట్టు పెడుతుంటారు. పుస్తకంలో లాభం కనిపిస్తూ చేతిలో డబ్బు ఆడకపోవడానికి కారణం ఎక్కువసార్లు ఇదే, పిల్లలు దీన్ని వర్కింగ్ క్యాపిటల్ అని క్లాసులో చదువుకుంటారు, మీ షాపుల లిస్టు పెట్టి చేస్తే వాళ్ళకీ మొదటిసారి బుర్రకెక్కుతుంది. ఏ షాపు ఎన్ని రోజులకి ఇస్తోందో ఒక పట్టిక వేసివ్వమనండి, ఎవరికి సరుకు తగ్గించాలో మీకే కనబడుతుంది.

మీ ఆయనకి ఇది కూడా చెప్పండి, 1959లో బొంబాయిలో ఏడుగురు ఆడవాళ్ళు 80 రూపాయలు అప్పు తెచ్చి అప్పడాలు మొదలుపెట్టారు, అదే లిజ్జత్. మేనేజ్‌మెంట్ క్లాసుల్లో ఆ కథ ఇప్పటికీ చెబుతారు. పిల్లలు మీ ఇంటికి రావడం వెనక అదీ ఒక కారణం అయ్యుంటుంది.

ప్రశ్న: క్యాంపస్ లో చేరాను, కోర్సు మారుద్దామంటే కాలేజీ వాళ్ళు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వట్లేదు, రెండో ఏడాది ఫీజు కూడా కడితేనే అంటున్నారు. (పేరు ఊరు వద్దన్నారు)

ఒరిజినల్స్ తమ దగ్గర ఉంచేసుకోకూడదు, చూసి వెంటనే తిరిగిచ్చేయాలి, యూజీసీ 2018 అక్టోబర్ లోనే ఈ విషయం, ఫీజు వాపసు విషయం కలిపి నోటిఫికేషన్ ఇచ్చింది. నోటితో అడగడం ఆపి ప్రిన్సిపాల్ కి ఉత్తరం రాసి రెండో కాపీ మీద స్టాంపు వేయించుకో, అదీ కాకపోతే ఈమెయిల్ చెయ్యి, తర్వాత అఫిలియేట్ అయిన యూనివర్సిటీకి, యూజీసీ ఫిర్యాదుల పోర్టల్ కి పెట్టు. చాలామందికి ఉత్తరం దగ్గరే పని అయిపోతుంది, కాగితం మీద "ఇవ్వం" అని రాసివ్వడానికి ఎవరికీ ధైర్యం ఉండదు.

ప్రశ్న: నా బ్యాచ్ లో అందరి ఫోటోలూ లింక్డ్‌ఇన్ లో పడ్డాయి, "హ్యాపీ టు అనౌన్స్" అని. నాకు క్యాంపస్ లో ఏదీ రాలేదు. మార్కెటింగ్ స్పెషలైజేషన్. అమ్మమ్మ రోజూ అడుగుతోంది. నేను తెలుగు, ఒడియా, హిందీ మాట్లాడతాను, ఇంగ్లీషు పర్లేదు. (పర్లాకిమిడి అబ్బాయి)

తమ్ముడూ, నువ్వు ఆఖర్లో మామూలుగా రాసిన వాక్యమే నీ రెజ్యూమేలో మొదటి లైను.

ఎలాగంటే, కంపెనీలు సేల్స్ ఏరియాలు రాష్ట్రాల వారీగా కోస్తాయి. ఒడిశా భువనేశ్వర్ నుంచి చూస్తారు, శ్రీకాకుళం వైజాగ్ నుంచి చూస్తారు, మధ్యలో పర్లాకిమిడి, పాతపట్నం, ఇచ్చాపురం, బరంపురం బెల్టు ఇద్దరికీ చివరే. భువనేశ్వర్ కుర్రాడు వచ్చి పర్లాకిమిడి మార్కెట్లో తెలుగు షాపు ఓనరుతో హిందీలో మాట్లాడతాడు, వైజాగ్ కుర్రాడికి కాశీనగర్ లో ఒడియా రాదు. నువ్వు రెండు వైపులా కూర్చొని టీ తాగి ఆర్డరు రాయించుకోగలవు. ఎఫ్ఎంసీజీ (సబ్బులు, బిస్కెట్ల లాంటి రోజువారీ సరుకులు), ఫార్మా, సిమెంటు, ఎరువులు, విత్తనాల కంపెనీల ఏరియా మేనేజర్లకి నేరుగా మెసేజ్ పెట్టు, "ఈ బెల్టులో రెండు భాషలూ వచ్చినవాణ్ణి, ఇక్కడే ఉంటాను" అని. హెచ్ఆర్ కి కాదు, ఏరియా మేనేజర్ కి, ఆయనకి ఈ బెల్టు తలనొప్పి ఏంటో తెలుసు. నంబరు ఎక్కడ దొరుకుతుందంటావా, మీ బజార్లో డిస్ట్రిబ్యూటర్ కొట్లో దొరుకుతుంది, ఒక పొద్దుట వెళ్ళి కూర్చో.

మైక్రోఫైనాన్సు కూడా చూడు, అన్నపూర్ణ ఫైనాన్స్ లాంటి సంస్థకి హెడ్డాఫీసే భువనేశ్వర్. ఊళ్ళు తిరిగే పని, వసూళ్ళ ఒత్తిడి ఉంటుంది, తెలిసే చేరాలి.

బ్యాంకు పరీక్షలకి ఎంబీఏ అక్కర్లేదు, డిగ్రీ చాలు. క్లర్క్ పోస్టులకి ఆ రాష్ట్రం భాష రావాలి, మన వైపు చాలామంది ఇంట్లో తెలుగే కదా అని ఆంధ్రాకి అప్లై చేసి తెలుగు చదవడం రాయడం దగ్గర పట్టుబడతారు. నువ్వు స్కూల్లో ఒడియా చదివి ఉంటే ఒడిశాకి పెట్టు, ఎస్‌బీఐ లాంటి చోట పదో క్లాసు మార్కుల లిస్టులో ఒడియా సబ్జెక్టుగా ఉంటే విడిగా భాష పరీక్ష కూడా అడగరు. ఆ మార్కుల లిస్టు ఎక్కడుందో ఇవాళే తీసి చూసుకో, మీ అమ్మ బీరువాలో అడుగున ఉంటుంది.